మందపాలనమున నిత్యకృత్యము: బ్రెజిలు దేశమందలి ఒంగోలుజాతి గోవులు

(వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సంవత్సరము గోసంరక్షణమునుగూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. వ్యవసాయమును పశుపాలనమును మన కులమువారికి తాతముత్తాతలనాటినుండి వచ్చుచున్న వృత్తులు. కావున గోమాహాత్మ్యమును ఈ సభకు క్రొత్తగా వర్ణించి చెప్పవలసిన పనిలేదు. చిరకాలము సంస్కృతపాఠములు చెప్పిన మావంటివారికి శ్లోకములు చదువుట సులభము, వినువారికిని హాయి. కాని శ్లోకమువలన ఆవునకు కడుపు నిండదు. తెల్లవాఱుజామున నెవడు లేచి దానికి నీరు పెట్టెను, తొట్టిలో ఉప్పున్నదా, నిన్న నలువది పశువులు మేతకు పోగా ఆ నలువదియు తిరిగివచ్చెనా అనునవి గోసంరక్షణమున మొదటి ప్రశ్నలు. ఈ నిత్యకృత్యమునుగూర్చియే మేము నేడు విన్నవింపదలచితిమి.

ఇందుకు ఉదాహరణముగా దూరదేశమైన బ్రెజిలును గైకొంటిమి. ఆ దేశమునకు మేము పోయినవారము కాము. అచ్చటి పరిశోధనాలయములవారును పశుపాలకసంఘములవారును ప్రకటించినవానిని చదివి తెలిసికొన్నంత చెప్పెదము. ఆ దేశమునే యేల గైకొంటిమనగా, అచ్చటి బీళ్లలో మేయుచున్న తెల్లని గోవులు మన గుండ్లకమ్మతీరమునుండి పోయిన గోవుల సంతతి.

ముందే చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఆ దేశమున ఈ మందలను పెంచుట ప్రధానముగా మాంసముకొఱకు. ఈ మాట ఈ సభలో పలువురకు కర్ణకఠోరముగా నుండును. దానిని దాచి వారి పద్ధతులను మాత్రము పొగడుట సత్యమునకు లోపము చేయుటయే యగును. వారి గమ్యము వేఱు, మన గమ్యము వేఱు; మనకు 1977వ సంవత్సరపు గోవధనిషేధచట్టమును కలదు. అయినను ఆవు దప్పిగొనుటయు, దూడబొడ్డు కుళ్లుటయు, వేసవిలో గడ్డి లేకపోవుటయు అచ్చటను ఇచ్చటను ఒక్కటే. గమ్యము నచ్చనిచోట పనితనమునైనను గ్రహించుట వివేకము.

మన గోవు అచ్చటికి పోయిన విధము

మనము ఒంగోలుజాతి యనునదానిని వారు 'నెలోరి' యందురు. అది మన నెల్లూరుశబ్దమే. గుంటూరుజిల్లా యేర్పడిన 1904వ సంవత్సరమునకు ముందు ఒంగోలు తాలూకా నెల్లూరుజిల్లాలో నుండుటచేత, ఆ కాలమున ఓడలెక్కిన పశువులకు జిల్లా పేరే నిలిచిపోయినది. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న యొక ఓడ బ్రెజిలునందలి సాల్వడోరు రేవున ఆగినప్పుడు, అందున్న ఒంగోలుజంట నచ్చట అమ్మిరని వారి చరిత్రకారులు వ్రాయుదురు. 1878లో లెంగ్రూబరు అను భూస్వామి జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలనుండి మఱికొన్నింటిని తెప్పించెను. 1938నుండి ఈ జాతికి వంశావళీగ్రంథమును వ్రాయుచు వచ్చిరి. 1960 మొదలు 1963 వఱకు జరిగిన చివరి పెద్ద దిగుమతులలో, ఒంగోలుచెంతనున్న కరవది గ్రామముపేరు దాల్చిన యాబోతొకటి పోయినది. ఆ దిగుమతుల పశువులను సముద్రమధ్యమందలి ఫెర్నాండో ద నొరోన్యా యను ద్వీపమున నిలిపి, రోగము లేదని నిశ్చయించుకొనిన పిమ్మటనే నేలమీదికి దింపిరి. 'కర్వాది' యనునది వారి వంశావళులలో నేటికిని గొప్ప పేరు.

ఇరువది కోట్లకు మించిన ఆ దేశపు పశువులలో అధికభాగమున ఈ రక్తము ప్రవహించుచున్నది. 2023లో వయాటినా యను నెలోరి ఆవునకు వేలములో కట్టిన వెల నలువదిలక్షల డాలర్లను దాటినది. వార్తాపత్రికలలో ఆ వెలను చదివి మనవారు గర్వపడిరి. గర్వపడుట తప్పుకాదు, కాని ఆ వెల యెట్లు వచ్చెనో విచారింపవలెను. నూఱేండ్లకుపైగా దినదినమును చేసిన పనియే అట్టి వెలకు మూలము.

ప్రాతఃకాలకృత్యము

బ్రెజిలున పెద్ద పశుక్షేత్రమును 'ఫజెండా' యందురు. దానిని తీగకంచెలతో బీళ్లుగా విభజించి, ఒక్కొక్క బీటిలో ఒక్కొక్క మందను మేపుదురు. పసులకాపరిని 'వకేరో' యందురు. అతడు సూర్యోదయసమయమున గుఱ్ఱమెక్కి బయలుదేరును. అతని మొదటిపని లెక్కించుట. బీటిలో నూటయిరువది పశువులుండవలెనన్న నూటయిరువదియు కంటబడవలెను. నూటపందొమ్మిది కనబడినచో ఆ యొక్కటి దొరకువఱకు రెండవపని లేదు. అది కంచె దాటియైనను ఉండును, వాగుగట్టున జాఱిపడియైనను ఉండును, పొదమాటున ఈనుచునైనను ఉండును. మధ్యాహ్నమువఱకు తెలియనిచో రెండింట ఒకదానికి ప్రాణహాని.

రెండవపని చూచుట. ఎఱిగిన కాపరి మందను కదల్పక, దూరముననే నిలిచి చూచును. మందనుండి విడివడి నిలిచినది ఏది? చెవులు వాల్చినది ఏది? తక్కినవి నెమరువేయుచుండగా నోరు కదల్పనిది ఏది? ఎడమడొక్క గుంటపడియున్నచో అది నిన్న మేయలేదని గుఱుతు. పేడ నీళ్లవలె నున్నచో ఒక కారణము, గట్టిగా ఉండలుగట్టియున్నచో మఱియొక కారణము. కుంటుదానికి గిట్టలు చూడవలెను. పశువు నోరులేనిది; రోగము చెప్పుకొనలేదు. అది తెలుపు గుఱుతులను చదువుట యొక విద్య. అక్షరములు రానివాడును ఆ విద్యలో పండితుడు కావచ్చును. పండితులమైన మేము అందులో పామరులము.

మూడవపని కంచె. తెగిన తీగను ఆ దినమే బిగింపవలెను. కాపరి జీనునకు తీగయు, సుత్తియు, మేకులును, పుండ్లకు మందును ఎల్లప్పుడును వ్రేలాడుచుండును. ఇంటికిపోయి తెచ్చెదనన్న పని సాయంకాలమునకు మఱపునబడును.

నీరు, ఉప్పు, గడ్డి

ఎదిగిన ఆవు వేడిదినములలో నలువదిమొదలు అఱువదిలీటర్లవఱకు నీరు త్రాగును. నీరు తగ్గినచో ముందుగా మేత తగ్గును, తరువాత పాలు తగ్గును, ఆపై దూడ చిక్కును. మూలకారణము తొట్టిలో నున్నను, యజమానుడు దూడకు మందుకొఱకు పరుగెత్తును. కావున ప్రతిదినమును తొట్టిని చూచి, పాచిని కడిగి, నీటిగొట్టము పాఱుచున్నదా యని పరీక్షించుట వారి నియమము. పశువులను చెఱువులో దింపి త్రాగించినచో అవి నీటిని త్రొక్కి, అందే పేడవేసి, దానినే త్రాగును. అందుచేత చెఱువునకు కంచెకట్టి, నీటిని తొట్టికి తెచ్చుట మేలని వారు తెలిసికొనిరి.

ఉప్పు రెండవది. బ్రెజిలు మధ్యదేశపు ఎఱ్ఱనేలలు పులుపునేలలు. అందు భాస్వరము మిక్కిలి తక్కువ. నేలలో లేనిది గడ్డిలో నుండదు, గడ్డిలో లేనిది ఎముకలోనికి రాదు. అట్టిచోట ఆవులు ఎముకలు నమలుట, ఎదకు రాకపోవుట కనబడును. అందుచేత ఉప్పులో భాస్వరము, రాగి, జింకు, కోబాల్టు, అయొడిను మొదలగువానిని కలిపి, కప్పుగల తొట్టిలో ఏడాదిపొడుగునను ఉంచుదురు. పెద్దపశువు దినమునకు డెబ్బదిమొదలు నూఱుగ్రాములవఱకు నాకును. తొట్టి రెండుదినములు వట్టిదైనచో, మూడవదినమున బలమైన పశువులు ఎగబడి తిని, బలహీనములకు మిగుల్పవు.

ఇది క్రొత్త సంగతి యని యెంచరాదు. 1909లో శ్యామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున గోధ్యక్షప్రకరణము కలదు. అందు ఎద్దునకు ఇయ్యవలసిన గడ్డి, తెలికపిండి, తవుడు చెప్పి, ముఖలవణము ఐదుపలములని వేఱుగా లెక్క వ్రాయబడియున్నది. మన పూర్వులు ఉప్పును తూచి పెట్టిరి. నేడు మన పల్లెలలో ఖనిజలవణపు పొట్లము కొనువా రెందఱో మీరే లెక్కింపుడు.

మూడవది గడ్డి. నాలుగువందలకిలోల ఆవు దినమునకు ఎనిమిదిమొదలు పదికిలోల ఎండుపదార్థము తినును. పచ్చిగడ్డియైనచో నలువది యేబదికిలోలు. పది ఆవులకు దినమునకు నాలుగైదు క్వింటాళ్లు. ఈ లెక్క వేయక మందను పెంచువాడు వియ్యాలవారిని పిలిచి బియ్యము చూచుకొననివానివంటివాడు. ఆఫ్రికానుండి వచ్చిన బ్రాకియారియా గడ్డిలో 'మరందు' అను రకమును బ్రెజిలు ప్రభుత్వపరిశోధనసంస్థయగు ఎంబ్రాపా 1984లో రైతుల కిచ్చెను. పొడవుగా పెరుగు 'మొంబాసా' గినీగడ్డి 1993లో వచ్చినది. గడ్డిని వారు పంటవలె చూతురు. మొంబాసా మూడడుగుల యెత్తు కాగానే మందను లోనికి విడుతురు; అడుగు, అడుగున్నర మిగిలియుండగానే తోలివేయుదురు. మొదలంట మేపినచో వేరునకు బలము చాలక గడ్డి చచ్చి, నేల కలుపుపాలగును. మితిమీఱి ముదురనిచ్చినచో కాడలే మిగులును. కాపరి జేబులో గజముబద్ద యుండుట అచ్చట వింతకాదు.

ఎండకాలపు కష్టము

వారికి మే మొదలు సెప్టెంబరు వఱకు వానలేదు. గడ్డి ఎండి పసుపువన్నె తాల్చును. కడుపునిండ మేసినను పశువు చిక్కును. ఏలనన ఎండుగడ్డిలో మాంసకృత్తు చాలదు. అప్పుడు ఉప్పులో తెలికపిండియు కొంచెము యూరియాయు కలిపి, పశువు బరువున కిలో కొక గ్రాము చొప్పున పెట్టుదురు. ఆవు మొదటికడుపులోని సూక్ష్మజీవులు యూరియాను మాంసకృత్తుగా మార్చుకొని ఎండుగడ్డిని జీర్ణించును. కాని ఇది కత్తిమీది సాము. క్రమముగా అలవాటు చేయవలెను; ఆకటితోనున్న పశువునకు ఒక్కమాఱు పెట్టరాదు. వాన కురిసి తొట్టిలో నీరు నిలిచినచో యూరియా కరగి, ఆ నీటిని త్రాగిన పశువు గడియలలో చచ్చును. అందుచేత తొట్టికి కప్పువేయుదురు. అడుగున రంధ్రములు పొడుతురు. రంధ్రము పొడుచుట చిన్నపని. పొడువకపోవుటవలన నష్టము చిన్నది కాదు.

మనకు బీళ్లు తక్కువ, వరిగడ్డి యెక్కువ. నూఱుకిలోల వరిగడ్డికి నాలుగుకిలోల యూరియాను ఏబది అఱువదిలీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలిచొరకుండ కప్పి మూడువారములు మాగనిచ్చినచో ఆ గడ్డియే మెత్తబడి బలవర్ధకమగును. మన పశువైద్యులు ఈ పద్ధతిని ఎన్నియేండ్లనుండియో బోధించుచున్నారు. జనుము, పిల్లిపెసర మనకు తాతలనాటి మేతలే. వరికోతకు ముందే పిల్లిపెసర చల్లు ఆచారమును వదలినవారు మరల చేపట్టవలెను.

ఈతయు దూడయు

నెలోరి ఆవు చూలు మోయుకాలము రమారమి 290 దినములు. ఏడాదికి దినములు 365. ఏటి కొక దూడ కావలెనన్న, ఈనిన తరువాత 75 దినములలోపల ఆవు మరల చూలుకట్టవలెను. మందపాలనశాస్త్రమంతయు ఈ తీసివేతలెక్కలో నున్నదని చెప్పినను అతిశయోక్తి కాదు. ఈనునప్పటికి ఒడలు చిక్కిన ఆవు ఆ గడువులో ఎదకు రాదు. కాబట్టి ఈనిన పిమ్మట తవుడుపెట్టుటకన్న ఈనకమున్నే ఒడలు నిలుపుట మేలు.

వారు ఆబోతులను ఏడాదిపొడుగునను మందలో విడువరు. నవంబరు మొదలు మూడుమాసములు మాత్రమే విడుతురు. లేదా కృత్రిమగర్భధారణము చేయింతురు. తత్ఫలముగా ఆగస్టు కడపటినుండి దూడలన్నియు ఇంచుమించుగా ఒక్క ఋతువుననే పుట్టును. వానికి పాలు కావలసిననాటికి వానలు వచ్చి తల్లికి పచ్చగడ్డి దొరకును. ఒక యాబోతునకు ఇరువదియైదు, ముప్పది ఆవులు. విడుచుటకు ముందు దాని కాళ్లు, కన్నులు, వృషణములు, వీర్యము పరీక్షింతురు. గొడ్డుటావు వలన ఒక దూడయే నష్టము. శక్తిలేని యాబోతువలన ముప్పది దూడలు నష్టము.

ఈనవలసిన ఆవులను ఇంటికి దాపుననున్న బీటికి తెత్తురు. కాపరి ఉదయమొకమాఱు, సాయంకాలమొకమాఱు చూచును. నెలోరిదూడ ముప్పదికిలోలకు అటునిటుగా పుట్టి త్వరలోనే లేచి నిలుచును. అది మన గోవుల సహజగుణము. తల్లి నాకి, దూడ జున్నుపాలు కుడుచువఱకు మనుష్యుడు నడుమ చొరరాదు. పిమ్మట బొడ్డునకు అయొడినుద్రావణము పట్టించుట తప్పనిసరి. అచ్చట నొక యీగ కలదు, పచ్చిపుండుపై గ్రుడ్లుపెట్టును, పుట్టిన పురుగులు బ్రతికియున్న మాంసమును తొలుచును. బొడ్డుపై ఒక్కదినపు అజాగ్రత్త దూడ ప్రాణము తీయును. మందుపెట్టిన చోటనే చిన్నపుస్తకము తీసి, దూడ పుట్టిన తేది, ఆడయో మగయో, తల్లిసంఖ్య, బరువు వ్రాసికొనును. ఏడెనిమిదిమాసములకు దూడను తల్లినుండి విడదీయుదురు. అప్పటికి దాని బరువు రమారమి 180 కిలోలు. ఆవును తూచినట్లే ఆవు తల్లితనమునుగూడ ఆ దూడబరువుతో తూతురు.

రోగనివారణము రోగము వచ్చిన పిమ్మటి పని కాదు. మూడుమొదలు ఎనిమిదిమాసముల పెయ్యలకు బ్రూసెల్లోసిసు టీకా అచ్చట నిర్బంధము. గాలికుంటునకు దశాబ్దములతరబడి దేశమంతట టీకాలు వేసి, 2024లో వానిని మాని, 2025 మేనెలలో టీకాయవసరము లేకయే రోగరహితదేశమని ప్రపంచపశ్వారోగ్యసంస్థచే గుర్తింపబడిరి. మనకును 2019లో గాలికుంటునకును బ్రూసెల్లోసిసునకును జాతీయకార్యక్రమము ఏర్పడినది; టీకా ఉచితము. టీకాలవారు వచ్చిన దినమున ఆవులను బీటికి తోలివేసి, తరువాత ప్రభుత్వమును దూషించుట మన యూళ్లలో లేకపోలేదు.

పశువును నడిపించుట

నెలోరిపశువు బెదరు స్వభావము గలది. పూర్వము వారును కేకలు, కుక్కలు, ముల్లుగఱ్ఱలతో దొడ్డికి తోలెడివారు. జబోటికాబాలు విశ్వవిద్యాలయాచార్యుడగు మాతెయుస్ పరాన్హోస్ ద కోస్తాయు ఆయన శిష్యులును సౌమ్యముగా తోలుట మేలని బోధించి, కాపరులకు చిన్నపుస్తకములు వ్రాసిరి. కేకవేయక, కఱ్ఱకు మాఱుగా చిన్నజెండా పట్టి, పశువు కంటికి కనబడుచోట నిలిచి, అది ముందుకు కదలుటకు ఎడమిచ్చి నడిపింపవలెను. బెదరిన పశువు కంచెకు కొట్టుకొని గాయపడును, మేత మానును, చూలు నిలుపదు. కాపరికిని కాళ్లు విఱుగును. కావున దయయు లాభమును ఇచ్చట నొకదారినే నడచుచున్నవి. దూరప్రయాణములలో మందకు ముందు ఒక కాపరి 'బెరాంతె' యను కొమ్ముబూర ఊదుచు పోవును. ఆ నాదమును విని వేలకొలది పశువులు వెంట నడచును. వేణునాదమునకు గోవులు చేరెననుటను కవికల్పనయని నవ్వువారు ఈ సంగతిని వినవలెను.

కాల్చి గుఱుతువేయుటకును వారికి 1965నాటి చట్టము హద్దు పెట్టినది: ముఖము, మెడ, కాళ్ల క్రిందిభాగములందే వేయవలెను, గుఱుతు పదునొకండు సెంటీమీటర్ల వృత్తమునకు మించరాదు.

లెక్క

సాయంకాలమున కాపరులు చెప్పిన సంగతులన్నియు పద్దుపుస్తకమున కెక్కును. జననము, మరణము, టీకా, బరువు, బీడు మార్చిన తేది, ఉప్పుసంచులు. ఋతువు ముగియగానే ప్రతి ఆవును పరీక్షించి, చూలులేనిదానిని వేఱుచేయుదురు. అమ్మకము 'అఱ్ఱోబా' లెక్కను. అఱ్ఱోబా యనగా పదునైదుకిలోలు. పదునెనిమిది అఱ్ఱోబాల మాంసము, అనగా 270 కిలోలు, తూగు కోడె కబేళాకు పోవును. ఒకచోటినుండి మఱియొకచోటికి పశువును తోలుటకు ప్రభుత్వపు రహదారిపత్రము కావలెను.

లెక్కవ్రాయుట పరదేశీయాచారమని తలపవలదు. కౌటిల్యుని గోధ్యక్షుడు దూడలకు గుఱుతువేయించి, ఆ గుఱుతును, వన్నెను, కొమ్ముల తీరును గ్రంథమున కెక్కింపవలెను. నష్టమైనది దొంగిలింపబడెనా, చచ్చెనా, తప్పిపోయెనా యని వేఱ్వేఱుగా వ్రాయింపవలెను. భారతమున ఘోషయాత్రకు చెప్పిన నెపము మందలెక్కయు దూడల గుఱుతులును. నెపమైనను అది రాజు చేయదగిన పనియని యందఱు నమ్మిరి. విరాటుని కొలువున సహదేవుడు చేసినది గోగణనమే. రఘువంశమున దిలీపుడు నందినికి మ్రొక్కి యూరకుండలేదు. ఈగలను తోలెను, ఒడలు గోకెను, కబళములు తినిపించెను, అది నిలిచినచోట నిలిచెను. మన గ్రంథములందలి గోభక్తి యంతయు చేతిపనియే.

వారి దోషములును చెప్పవలెను. బీళ్లకొఱకు అమెజాను అడవులను విస్తారముగా నఱకి కాల్చిరి. 2009నుండి కొన్ని కబేళాలవారు అడవి నఱకినచోటి పశువులను కొనమని ఒడంబడికలు చేసికొన్నను ఆ పాపము పూర్తిగా తీఱలేదు. బీళ్లు పెంచుటకు అడవిని తినుట మనకు ఆదర్శము కాదు.

మన కర్తవ్యము

ఇక స్వదేశమును చూతము. ఒంగోలుగిత్త నాగలికి, బండికి, మోటకు పనికివచ్చినంతకాలము దానిని రైతు కన్నబిడ్డవలె మేపెను. ట్రాక్టరు వచ్చినది; మోట పోయినది; మేతబీళ్లు పొగాకుతోటలును రొయ్యలచెఱువులును అయినవి. నేడు పెయ్య పుట్టినచో సంతోషము; కోడెదూడ పుట్టినచో ఇంటిలో నిశ్శబ్దము. దానిని అమ్ముటకు మనసొప్పదు, మేపుటకు చేయాడదు. ఒకనాటి రాత్రి రహదారిప్రక్కన విడిచి వచ్చుచున్నారు. వధ చేయలేదుకదా యని మనసు సమాధానపడును. ప్లాస్టిక్కుసంచులు తిని కడుపుబ్బి చచ్చు ఆవునకు ఆ సమాధానము చాలునా?

బ్రెజిలువాడు పశువును చివరకు చంపును. కాని బ్రతికినన్నినాళ్లు నీరు, ఉప్పు, గడ్డి, టీకా తప్పనియ్యడు. మనము చంపము, బ్రతికినన్నినాళ్లు ఏమి పెట్టుచున్నాము? వధను కాదన్నవానికి పోషణభారము రెట్టింపగును. ముసలిదానిని, కోడెను, గొడ్డుదానిని గూడ మేపవలసినవాడతడే. ఈ బరువును ఒంటరిరైతు మోయలేడు. సంఘము మోయవలెను. పోషకమహాశయుల కీ మాట వినయముతో విన్నవించుచున్నాము.

మేము నాలుగు పనులు సూచింతుము. మొదటిది, పది పండ్రెండు గ్రామముల కొకటి చొప్పున సంఘపు సొమ్ముతో శుద్ధమైన ఒంగోలుయాబోతును నిలుపుట. గుంటూరుచెంత లాం క్షేత్రమునను, ప్రకాశముజిల్లా చదలవాడ, రామతీర్థము క్షేత్రములందును, నెల్లూరుజిల్లా చింతలదేవియందును ప్రభుత్వమువారు ఈ జాతిని కాపాడుచున్నారు. వారి సలహాతో వంశమెఱిగిన పశువునే తేవలెను. మూడేండ్ల కొకమాఱు ఊళ్లనడుమ ఆబోతులను మార్చుకొన్నచో కూతుళ్లనే దాటు దోషము కలుగదు.

రెండవది, పద్దుపుస్తకము. పండ్రెండంకెల చెవిబిళ్ల మన పశువులకు ప్రభుత్వమువారు వేయుచున్నారు. ఆ సంఖ్యక్రింద తల్లి, తండ్రి, ఈతలు, పాలు, టీకాలు వ్రాయుటకు ప్రతిగ్రామమున చదువుకొన్న పిల్లవా డొకనిని నియమింపవలెను. అక్షరము నేర్చిన మన పిల్లలు తాతల పశువులకొఱకు దినమునకు అరగంట వ్రాయలేరా?

మూడవది, మేతభూమి. వివాహములకును విగ్రహములకును విరాళము లిచ్చు దాతలు, ఊరికి రెండుమూడెకరములు పచ్చిమేతకు వ్రాసి యిచ్చినచో ఆ పుణ్యము ప్రతిదినమును పచ్చగా కనబడును. ఖనిజలవణమును సంఘము టోకున కొని పంచవచ్చును.

నాలుగవది, కోడెలకు పని. గానుగలకును, చిన్నకమతముల సేద్యమునకును, ఎరువునకును వానిని వినియోగించుమార్గములను యువకులు వెదకవలెను. పని లేని పశువును స్తోత్రము కాపాడజాలదు.

మా విన్నపము సరళము. మహాసభ తీర్మానములు చేయుటకు ముందు, ఇచ్చటికి వచ్చిన ప్రతిగృహస్థుడును రేపు తెల్లవాఱినతోడనే తన పశువుల తొట్టిని తానే వెళ్లి చూడవలెను: నీరున్నదా, పాచిపట్టినదా, ప్రక్కన ఉప్పున్నదా? చూచి, ఒక కాగితముపై వ్రాసి, మన సంఘకార్యదర్శికి పంపవలెను. వచ్చు సంవత్సరపు సభలో ఆ కాగితములను చదివినచో మన గోసంరక్షణము ఎంతవఱకు వచ్చినదో తెలియును. పశువులు లేని పట్టణవాసులు ఒక పొరుగు రైతు పశువున కొక యేటి ఉప్పువెల నీయవచ్చును.



స్వస్తి.